సుబ్బారావు పేరుగల గ్రంథకర్తలు

సుబ్బారావు అనేది తెలుగువారిలో విరివిగా వినిపించే పురుషుల పేరు. ఈ పేరు గల అనేకమంది 19వ శతాబ్దం నుండి నేటి వరకు కవిత్వం, వేదాంతం, చరిత్ర, పురావస్తు శాస్త్రం, న్యాయశాస్త్రం, సంగీతం, జానపద సాహిత్యం, జీవరసాయన శాస్త్రం, ఆర్థిక శాస్త్రం మొదలైన పరస్పర సంబంధం లేని విషయాలపై గ్రంథాలు, పరిశోధనా పత్రాలు రచించారు. పేరు ఒక్కటే అయినా వీరు వేరువేరు వ్యక్తులు. గ్రంథాలయ సూచికలలోను, పాత పుస్తకాల జాబితాలలోను ఒక సుబ్బారావు రచన మరొక సుబ్బారావు పేరు కింద చేరిపోయే అవకాశం ఎక్కువ. అందువలన తెలుగు గ్రంథకర్తను గుర్తించడానికి వ్యక్తినామం ఒక్కటే చాలదు. ఇంటిపేరు, పూర్తి పేరు, జనన మరణ సంవత్సరాలు, స్వస్థలం కూడా తెలియాలి.

ఈ పేరుతో ప్రసిద్ధులైన వారిలో ముగ్గురు ఏలూరు, భీమవరం పరిసరాలలో జన్మించారు. వారు "ఎంకి పాటలు" కర్త నండూరి వెంకట సుబ్బారావు, జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు, భారతీయ రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు దువ్వూరి సుబ్బారావు.

పేరు పుట్టుక

"సుబ్బ" అనేది సుబ్రహ్మణ్య శబ్దానికి వాడుకలో ఏర్పడిన పొట్టి రూపం. "రావు" అనేది రాయ శబ్దం నుండి వచ్చిన గౌరవవాచకం. సుబ్బయ్య, సుబ్బన్న, సుబ్బరాజు, సుబ్బరామయ్య, సుబ్బమ్మ, సుబ్బలక్ష్మి మొదలైన పేర్లు కూడా ఈ మూలం నుండి వచ్చినవే. ఆంధ్రదేశంలో సుబ్రహ్మణ్యేశ్వరుని సర్పరూపంలో పూజించే ఆచారం ఉంది. గోదావరి జిల్లాలలో మార్గశిర శుద్ధ షష్ఠిని "సుబ్బారాయుడి షష్ఠి" అంటారు. పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో జరిగే షష్ఠి తిరునాళ్ళు ప్రసిద్ధమైనవి. సంతానం కోసం నాగదేవతకు మొక్కుకొని, పుట్టిన బిడ్డకు ఆ దేవుని పేరు పెట్టడం వలనను, తాత పేరు మనుమడికి పెట్టే సంప్రదాయం వలనను ఈ పేరు తరతరాలుగా వ్యాపించింది.

ఈ పేరు తెలుగువారికే పరిమితం కాదు. కన్నడిగులలో కూడా సుబ్బరావు అనే పేరు విస్తారంగా ఉంది. అందువలన పుస్తకంపై ఉన్న పేరును బట్టి రచయిత మాతృభాషను నిర్ణయించడం కూడా సాధ్యం కాదు.

ఇంటిపేరు ప్రాముఖ్యం

ఒకే వ్యక్తినామం ఇంతమందికి ఉన్నపుడు వారిని వేరుచేసి చూపేది ఇంటిపేరు. తెలుగువారు ఇంటిపేరును ముందు, వ్యక్తినామాన్ని తరువాత చెబుతారు. ఇంటిపేర్లలో ఎక్కువ భాగం గ్రామనామాల నుండి వచ్చినవి. "ఊరు" అనే మాటకు షష్ఠీ విభక్తి అర్థంలో "ఊరి" అనే రూపం వస్తుంది. అందువలన దెందులూరు నుండి దెందులూరి, నండూరు నుండి నండూరి, దువ్వూరు నుండి దువ్వూరి అనే ఇంటిపేర్లు ఏర్పడతాయి. "ఏరు" అనే మాట "ఏటి" అవుతుంది కనుక కొల్లేరు అనే పేరు కొల్లేటి అవుతుంది. మరికొన్ని పేర్లు ఏ మార్పూ లేకుండా ఇంటిపేర్లుగా నిలిచాయి. దెందులూరు మండలంలోని కొవ్వలి గ్రామం పేరు, నవలాకారుడు కొవ్వలి లక్ష్మీనరసింహారావు ఇంటిపేరు ఒక్కటే.

ఇంటిపేరు ఆ కుటుంబం పూర్వం ఎక్కడిదో సూచిస్తుందే కాని, వ్యక్తి ఎక్కడ పుట్టాడో చెప్పదు. నండూరు గుంటూరు జిల్లాలో ఉంది. నండూరి వెంకట సుబ్బారావు పుట్టినది ఏలూరు సమీపంలోని వసంతవాడలో. దువ్వూరు అనే గ్రామాలు కడప, నెల్లూరు జిల్లాలలో ఉన్నాయి. దువ్వూరి సుబ్బారావు పుట్టినది ఏలూరులో. కొవ్వలి లక్ష్మీనరసింహారావు జన్మస్థలం కూడా కొవ్వలి కాదు, తణుకు.

కాలక్రమంలో ఊరి పేర్లు కూడా మారుతుంటాయి. విష్ణుకుండిన రాజు రెండవ విక్రమేంద్రవర్మ చిక్కుళ్ళ తామ్రశాసనంలో కనిపించే లెందులూరు నేటి దెందులూరేనని చరిత్రకారులు గుర్తించారు.

ఇంటిపేర్లు అన్నీ ఊళ్ళ నుండి వచ్చినవి కావు. ఎల్లాప్రగడ, తల్లాప్రగడ అనే పేర్లలోని "ప్రగడ" పూర్వం మంత్రులకు, రాజోద్యోగులకు ఉండే బిరుదు. కవిత్రయంలో ఒకడైన ఎర్రన పేరులో కూడా ఇది కనిపిస్తుంది.

ఏలూరు, భీమవరం ప్రాంతాల వారు

నండూరి వెంకట సుబ్బారావు (1895-1957): ప్రస్తుత ఏలూరు జిల్లా పెదపాడు మండలంలోని వసంతవాడలో జన్మించాడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివాడు. వృత్తిరీత్యా ఏలూరులో న్యాయవాది. పల్లెజనుల పలుకుబడిలో ఎంకి, నాయుడుబావల ప్రణయాన్ని వర్ణిస్తూ ఈయన రచించిన గేయాలు "ఎంకి పాటలు"గా ప్రసిద్ధి చెందాయి. వాడుకభాషలో, అందునా పామరుల మాటతీరులో ఉన్నత కవిత్వం రాయవచ్చునా అనే చర్చ సాగుతున్న కాలంలో ఈ పాటలు ఆ ప్రశ్నకు ఆచరణలో సమాధానం చెప్పాయి.

ఎల్లాప్రగడ సుబ్బారావు (1895-1948): 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1920లలో అమెరికా వెళ్ళి హార్వర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధనలు చేశాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో రక్తం, మూత్రం వంటి ద్రవాలలో భాస్వరం పరిమాణాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని వివరించాడు. ఈ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరు స్థిరపడింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలపై వీరిద్దరి పరిశోధనలు 1927, 1929 సంవత్సరాలలో వెలువడ్డాయి. 1940లో లెడర్లే సంస్థలో చేరిన తరువాత ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణకు, కాన్సరు చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్‌కు, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్‌కు దారితీసిన పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఈయన కీర్తి పుస్తకాలపై కాక పరిశోధనా పత్రాలపై ఆధారపడినది.

దువ్వూరి సుబ్బారావు (జననం 1949): 1949 ఆగస్టు 11న ఏలూరులో జన్మించాడు. కోరుకొండ సైనిక పాఠశాలలోను, ఏలూరు సర్ సి.ఆర్.రెడ్డి కళాశాలలోను, కాన్పూరు ఐఐటీలోను చదివాడు. 1972లో ఐఏఎస్ పరీక్షలో ప్రథమ స్థానం పొందాడు. 2008 సెప్టెంబరు నుండి 2013 సెప్టెంబరు వరకు భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేశాడు. ఆ అనుభవాలను "హూ మూవ్డ్ మై ఇంటరెస్ట్ రేట్" (2016) అనే ఆంగ్ల గ్రంథంలోను, తన ఉద్యోగ జీవితాన్ని "జస్ట్ ఎ మెర్సినరీ" (2024) అనే గ్రంథంలోను వివరించాడు.

నండూరి, ఎల్లాప్రగడ ఒకే సంవత్సరంలో, ఒకే జిల్లాగా ఉండిన ప్రాంతంలో పుట్టినవారు. ఇద్దరూ మద్రాసులో చదువుకున్నవారే. ఇంటిపేరు లేకుండా "1895లో గోదావరి ప్రాంతంలో జన్మించిన సుబ్బారావు" అని మాత్రమే చెబితే అది కవికి, శాస్త్రవేత్తకు కూడా సరిపోతుంది.

ఇతర ప్రాంతాల వారు

తల్లాప్రగడ సుబ్బారావు (1856-1890): కాకినాడకు చెందినవాడు. మద్రాసులో న్యాయవాద వృత్తి చేస్తూ దివ్యజ్ఞాన సమాజంలో ముఖ్యుడయ్యాడు. 1886 చివర అడయారులో భగవద్గీతపై ఈయన చేసిన ఆంగ్ల ఉపన్యాసాలు పుస్తకరూపంలో వెలువడ్డాయి. ఇతర వ్యాసాల సంపుటం మరణానంతరం 1895లో వచ్చింది.

రాయప్రోలు సుబ్బారావు (1892-1984): బాపట్ల సమీపంలోని గార్లపాడులో జన్మించాడు. తెలుగులో భావకవిత్వానికి ఆద్యుడు. కొంతకాలం శాంతినికేతనంలో ఉన్నాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖకు నేతృత్వం వహించాడు. తృణకంకణం, స్నేహలతాదేవి, ఆంధ్రావళి, జడకుచ్చులు ఈయన కావ్యాలు. రమ్యాలోకం అనేది పద్యరూపంలో రాసిన లక్షణ గ్రంథం. "మిశ్రమంజరి"కి 1965లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

రాళ్ళబండి సుబ్బారావు: రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి స్థాపనకు, దాని పత్రిక నిర్వహణకు కృషి చేసిన చరిత్రకారుడు. కళింగ దేశ చరిత్రపై రచనలు చేశాడు. రాజమండ్రిలోని పురావస్తు ప్రదర్శనశాలకు ఈయన పేరు పెట్టారు.

బెండపూడి సుబ్బారావు (1921-1962): పురావస్తు శాస్త్రజ్ఞుడు. బళ్ళారి ప్రాంతపు రాతియుగ సంస్కృతులపై ఈయన గ్రంథం 1948లో వెలువడింది. తరువాత బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేశాడు. "ది పర్సనాలిటీ ఆఫ్ ఇండియా" (1956) అనే గ్రంథంలో భారతదేశంలోని వేరువేరు ప్రాంతాల సంస్కృతి వికాసం ఒకే వేగంతో ఎందుకు జరగలేదో భౌగోళిక పరిస్థితుల ఆధారంగా వివరించాడు.

కోకా సుబ్బారావు (1902-1976): రాజమండ్రిలో జన్మించాడు. 1954లో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1966 జూన్ 30 నుండి 1967 ఏప్రిల్ 11 వరకు భారత ప్రధాన న్యాయమూర్తి. పార్లమెంటు ప్రాథమిక హక్కులను తగ్గించజాలదని 1967 ఫిబ్రవరిలో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 6-5 ఆధిక్యంతో ఇచ్చిన గోలక్‌నాథ్ తీర్పులో ప్రధాన అభిప్రాయం ఈయనదే. 1973లో కేశవానంద భారతి కేసులో ఆ తీర్పును సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పదవీ విరమణ తరువాత రాజ్యాంగ సమస్యలపై ఆంగ్లంలో గ్రంథాలు రాశాడు.

జి.సి.వి. సుబ్బారావు: న్యాయశాస్త్ర విద్యార్థులు చదివే పాఠ్యగ్రంథాల రచయిత. భారతదేశంలోని కుటుంబ చట్టాలపై ఈయన ఆంగ్ల గ్రంథం అనేక ముద్రణలు పొందింది.

తంగిరాల వెంకట సుబ్బారావు: జానపద సాహిత్య పరిశోధకుడు. బెంగుళూరు విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడు. పల్నాటి వీరకథ మొదలైన వీరగాథలను పరిశీలించిన "తెలుగు వీరగాథా కవిత్వము" ఈయన ముఖ్య గ్రంథం.

టి.వి. సుబ్బారావు: "స్టడీస్ ఇన్ ఇండియన్ మ్యూజిక్" (1962) అనే సంగీతశాస్త్ర గ్రంథ రచయిత.

బి. సుబ్బరావు: హిందుస్తానీ, కర్ణాటక రాగాలను పోల్చి వివరించే "రాగనిధి" అనే నాలుగు సంపుటాల గ్రంథానికి కర్త. దీనిని మద్రాసు సంగీత అకాడమీ ప్రచురించింది.

జి. సుబ్బారావు: ఆంగ్లభాషలో చేరిన భారతీయ పదాలపై 1954లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన "ఇండియన్ వర్డ్స్ ఇన్ ఇంగ్లీష్" రచయిత.

టి.ఆర్. సుబ్బరావు (1920-1984): చిత్రదుర్గ చరిత్రను నవలలుగా మలచిన కన్నడ రచయిత. "దుర్గాస్తమాన" నవలకు 1985లో, మరణానంతరం, సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తన పేరులోని మొదటి అక్షరాలను కలిపి "త.రా.సు." అనే కలంపేరుతో రాయడం వలన ఇతర సుబ్బరావుల నుండి ఈయనను గుర్తుపట్టడం సులభమైంది.

పొడి అక్షరాల వలన వచ్చే చిక్కు

ఇంటిపేరును పూర్తిగా రాస్తే పైవారిలో ఎవరూ మరొకరుగా కనిపించరు. చిక్కు ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించినపుడు వస్తుంది. ఆంగ్ల విద్య, ప్రభుత్వోద్యోగాలు వచ్చిన తరువాత ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించి రాయడం తెలుగువారిలో స్థిరపడింది. దీని ఫలితాలు ఇలా ఉంటాయి:

* ఆర్. సుబ్బారావు - భావకవి రాయప్రోలు కావచ్చు, చరిత్రకారుడు రాళ్ళబండి కావచ్చు.
* బి. సుబ్బారావు - పురావస్తు శాస్త్రజ్ఞుడు బెండపూడి కావచ్చు, రాగనిధి కర్త కావచ్చు.
* టి.వి. సుబ్బారావు - వీరగాథల పరిశోధకుడు తంగిరాల కావచ్చు, సంగీతశాస్త్ర రచయిత కావచ్చు.
* డి. సుబ్బారావు - ద, డ అనే రెండు తెలుగు అక్షరాలకు ఆంగ్లంలో ఒకే అక్షరం వాడతారు కనుక దువ్వూరి వారు, దెందులూరి వారు, డ తో మొదలయ్యే ఇంటిపేరు గలవారు అందరూ ఒక్క తీరుగానే కనిపిస్తారు.

రోమను లిపిలో మరొక ఇబ్బంది కూడా ఉంది. పై సందర్భంలో వేరువేరు వ్యక్తులు ఒకరుగా కనిపిస్తే, ఇక్కడ ఒకే వ్యక్తి పలువురుగా కనిపిస్తాడు. "రావు" అనే భాగాన్ని కొందరు ఆర్, ఏ, ఓ అక్షరాలతోను, మరికొందరు ఆర్, ఓ, డబ్ల్యు అక్షరాలతోను రాస్తారు. సుబ్బ, రావు అనే భాగాలను కొందరు కలిపి, కొందరు విడదీసి రాస్తారు. తల్లాప్రగడ, ఎల్లాప్రగడల పేర్లు డబ్ల్యుతో ముగుస్తాయి, దువ్వూరి వారి పేరు ఓతో ముగుస్తుంది. అక్షరాలను మాత్రమే పోల్చే కంప్యూటరుకు ఈ రూపాలన్నీ వేరువేరు పేర్లు. తెలుగు లిపిలో రాసినపుడు ఈ భేదాలు ఉండవు.

గ్రంథాలయ సూచికలు

పాశ్చాత్య దేశాలలో పేరు చివరి భాగం వంశనామం. గ్రంథాలయ సూచికలో దానిని ముందుకు తెచ్చి, వ్యక్తినామాన్ని తరువాత రాస్తారు. ఈ పద్ధతిని తెలుగు పేర్లకు యథాతథంగా వర్తింపజేస్తే ఫలితం తారుమారవుతుంది. వంశాన్ని తెలిపే ఇంటిపేరు వెనుకకు పోయి, వేలమందికి సమానమైన వ్యక్తినామం శీర్షికగా ముందుకు వస్తుంది. అప్పుడు సుబ్బారావులు అందరూ ఒకే శీర్షిక కింద చేరి, పొడి అక్షరాల తేడాతో మాత్రమే నిలుస్తారు.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన శియాళి రామామృత రంగనాథన్ (1892-1972) 1934లో ప్రచురించిన సూచీకరణ నియమావళిలో భారతీయుల పేర్ల సమస్యను పరిశీలించాడు. ఆయన పేరే ఇందుకు మంచి ఉదాహరణ. శియాళి ఊరి పేరు, రామామృత తండ్రి పేరు, రంగనాథన్ సొంత పేరు. వంశనామం లేనే లేదు. తమిళులకు, తెలుగువారికి, బెంగాలీలకు ఒకే నియమం సరిపోదని దీనివలన తెలుస్తుంది. 1961లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సూచీకరణ సమావేశం తరువాత, ప్రతి దేశంలో పేర్ల వాడుక ఎలా ఉందో తెలిపే సంకలనాన్ని గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 1967లో ప్రచురించింది.

ఒకే పేరు గలవారిని వేరుచేయడానికి గ్రంథాలయాలు సాధారణంగా రెండు ఉపాయాలు వాడతాయి. మొదటిది పేరు పక్కన జనన మరణ సంవత్సరాలు చేర్చడం. రెండవది ప్రతి రచయితకు ఒక సంఖ్య ఇవ్వడం. 2012లో అమలులోకి వచ్చిన ఐఎస్ఎన్ఐ అనే అంతర్జాతీయ పద్ధతిలో రచయితలకు, కళాకారులకు 16 స్థానాల సంఖ్యను కేటాయిస్తారు. పరిశోధకుల కోసం అదే సంవత్సరం ప్రారంభమైన ఆర్కిడ్ సంఖ్య కూడా 16 స్థానాలదే. పుస్తకాలపై ఉండే ఐఎస్‌బీఎన్ దీనికి పనికిరాదు. అది పుస్తకాన్ని గుర్తిస్తుంది గాని రచయితను కాదు. ఆర్కిడ్ సంఖ్యను పరిశోధకుడు స్వయంగా నమోదు చేసుకోవాలి కనుక గతించిన రచయితల విషయంలో అది ఉపయోగపడదు. వారి విషయంలో సూచిక తయారుచేసేవారే శ్రద్ధ వహించాలి.

గుర్తింపు ఎందుకు ముఖ్యం

రచయితను సరిగా గుర్తించడం గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, చట్టానికి సంబంధించిన విషయం కూడా. భారతదేశంలో గ్రంథకర్త జీవితకాలంలో ప్రచురితమైన సాహిత్య రచనలపై కాపీహక్కు, ఆయన మరణించిన సంవత్సరం ముగిసిన తరువాత మరో 60 సంవత్సరాలు ఉంటుంది. ఆ లెక్కన 1957లో మరణించిన నండూరి వెంకట సుబ్బారావు రచనలు 2018 జనవరి 1 నుండి సార్వజనికమయ్యాయి. ఎవరైనా వాటిని స్వేచ్ఛగా ముద్రించవచ్చు. 1962లో మరణించిన బెండపూడి సుబ్బారావు గ్రంథాలకు ఈ గడువు 2022 చివర ముగిసింది. కోకా సుబ్బారావు గ్రంథాలకు 2036 చివరి వరకు, రాయప్రోలు సుబ్బారావు కావ్యాలకు 2044 చివరి వరకు హక్కు ఉంటుంది.

నండూరి, రాయప్రోలు ఇద్దరూ కవులు, సమకాలికులు, సుబ్బారావులు. ఒకరి పుస్తకాన్ని మరొకరిదిగా భావిస్తే గడువులో 27 సంవత్సరాల తేడా వస్తుంది. హక్కు ఉన్న పుస్తకాన్ని అనుమతి లేకుండా ప్రచురించడం వారసులకు నష్టం. హక్కు ముగిసిన పుస్తకాన్ని ఉన్నదనుకొని పక్కన పెట్టడం పాఠకులకు నష్టం. పాత పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించి అందరికీ అందుబాటులో ఉంచే పనిలో ఇది మొదట తేల్చుకోవలసిన అంశం.

పరిశోధనా రంగంలో ఈ గుర్తింపుకు మరొక ప్రయోజనం ఉంది. ఎల్లాప్రగడ సుబ్బారావు తన జీవితకాలంలో సామాన్యులకు అంతగా తెలియనివాడు. ఆయన కృషిని నిలబెట్టినవి ప్రధానంగా పరిశోధనా పత్రాలపై ఉన్న ఆయన పేరు, ఆ పేరుతో స్థిరపడిన పద్ధతి. అటువంటి పేరు వేరొకరి ఖాతాలోకి పోతే మిగిలే సాక్ష్యం స్వల్పం.

రచయితను నిర్ధారించే విధానం

పుస్తకంపై "సుబ్బారావు" అని ఉన్నపుడు కింది ఆధారాలను కలిపి చూడాలి.

1. ముఖపత్రం: అట్టపై పొడి అక్షరాలు ఉన్నా, లోపలి ముఖపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉండవచ్చు.

2. పీఠిక, కృతజ్ఞతలు: వీటి చివర ఊరు, తేదీ, కొన్నిసార్లు రచయిత ఉద్యోగం ఉంటాయి. తంగిరాల వారికి బెంగుళూరు, బెండపూడి వారికి బరోడా వంటి స్థలాలు మంచి ఆనవాళ్ళు.

3. ప్రచురణ సంవత్సరం: ఇది ఉపయోగపడుతుంది గాని దీనినే నమ్ముకోకూడదు. తల్లాప్రగడ వారి వ్యాస సంపుటం ఆయన మరణించిన ఐదేళ్ళకు వెలువడింది.

4. విషయం: ఇది అన్నిటికంటె ఎక్కువగా మోసగించే ఆధారం. విషయం ఒకటైనంత మాత్రాన రచయిత ఒకడు కాదు. రాళ్ళబండి, బెండపూడి ఇద్దరూ ప్రాచీన చరిత్రను శోధించినవారే. కోకా సుబ్బారావు, జి.సి.వి. సుబ్బారావు ఇద్దరూ న్యాయశాస్త్రంపై రాసినవారే. అలాగే విషయాలు వేరైనంత మాత్రాన రచయితలు వేరు కారు. గీతపై ఉపన్యసించిన తల్లాప్రగడ, ఎంకిని సృష్టించిన నండూరి ఇద్దరూ వృత్తిరీత్యా న్యాయవాదులు. దువ్వూరి సుబ్బారావు కళాశాలలో చదివినది భౌతికశాస్త్రం, పుస్తకాలు రాసినది ఆర్థిక విధానాలపైన.

5. అదే రచయిత ఇతర పుస్తకాలు: పుస్తకం చివర ఇచ్చే "ఈ గ్రంథకర్త ఇతర రచనలు" అనే జాబితా చాలా సందర్భాలలో సందేహాన్ని తీరుస్తుంది.

ఈ ఆధారాలలో కనీసం రెండు ఒకదానినొకటి బలపరచినపుడే నిర్ధారణకు రావడం మంచిది. ఆధారాలు చాలనపుడు పుస్తకంపై ఉన్న పేరును ఉన్నట్లుగానే నమోదు చేయాలి. ఊహించి ఇంటిపేరు చేర్చితే, తరువాతివారు దానినే ప్రమాణంగా తీసుకుంటారు.

ఇటువంటి ఇతర పేర్లు

తెలుగు సాహిత్యంలో ఇదేవిధంగా పలువురికి చెందిన పేర్లు మరికొన్ని ఉన్నాయి.

లక్ష్మీనరసింహం, లక్ష్మీనరసింహారావు: "గయోపాఖ్యానం" నాటకం, "గణపతి" నవల రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867-1946), "సాక్షి" వ్యాసాలు రాసిన పానుగంటి లక్ష్మీనరసింహారావు (1865-1940) సమకాలికులు, ఇద్దరూ నాటకకర్తలు. వెయ్యి నవలల రచయితగా పేరుపొందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912-1975) తరువాతి తరం వాడు.

అప్పారావు: "కన్యాశుల్కం" కర్త గురజాడ అప్పారావు (1862-1915), గేయకవి బసవరాజు అప్పారావు (1894-1933), భరతుని నాట్యశాస్త్రాన్ని తెలుగులోకి అనువదించిన పోణంగి శ్రీరామ అప్పారావు.

వీరిలో చాలామందిని తెలుగు పాఠకులు ఇంటిపేరుతోనే పిలుస్తారు. గురజాడ, చిలకమర్తి, పానుగంటి, రాయప్రోలు, నండూరి అంటే ఎవరో వెంటనే తెలుస్తుంది. సూచికలలో సరిగా నిలవడానికి రచయిత పేరు ఏ వరుసలో ఉండాలో తెలుగు వాడుక ముందే నిర్ణయించింది. ఇంటిపేరు ముందు, పూర్తిగా, వ్యక్తినామం తరువాత.